కాపురాలు నిలబెట్టిన ముత్తమ్మ

ఈ ఉద్యోగంలో కొత్తగా చేరబోతున్న ఇద్దరు అమ్మాయిలు ఆ మధ్య మా ఇంటికి వచ్చారు. "మేడం, ఏం చదువుకొని వెళ్లమంటారు?" అని అడిగారు. చట్టం పుస్తకం ఎలాగూ ఆఫీసు వాళ్లే ఇస్తారు. శిక్షణ తరగతులూ ఉంటాయి, వాటిలో భోజనం బాగుంటుంది. పుస్తకంలో లేనివి చెబుదామని మొదలుపెట్టి పొయ్యి మీద పప్పు మాడగొట్టుకున్నాను. అందుకని కూర్చుని రాస్తున్నాను.

నేను ఒక మహిళా సహాయ కేంద్రంలో కౌన్సెలర్‌గా పనిచేసి రిటైరయ్యాను. ఇంట్లో దెబ్బలు తిన్న ఆడవాళ్లు మా దగ్గరికి వస్తారు. వాళ్లు చెప్పింది వినడం, దవాఖానాకు తీసుకెళ్లడం, కోర్టుకు దరఖాస్తు రాయడం, తల దాచుకునే చోటు చూడడం మా పని. మాది వేంసూరు వైపు, ఆంధ్రా సరిహద్దు పక్కనే. అందుకే నా మాట వినగానే "మీరు ఈడోళ్లు కాదా మేడం?" అని అడిగేవాళ్లు. వాళ్లకు నా మాట కొత్త, నాకు వాళ్ల బతుకు కొత్త. రెండోది నేర్చుకోవడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది.

ఇందులో పేర్లన్నీ మార్చాను. ఊళ్లు కూడా సరిగ్గా చెప్పను. ముత్తమ్మకు ఇది మొత్తం చదివి వినిపించాను. "గా పద్ధతి బంద్ చేసినం గదా మేడం, ఇప్పుడు వేరే ఉన్నది. రాసుకోన్రి," అన్నది. ఆ వేరేది ఏమిటో నాకూ చెప్పలేదు. మంచిదే.

నా మొదటి విజయం

చేరిన ఏడాదే నాకు మంచి పేరు వచ్చింది. ఆ పేరు తెచ్చిపెట్టిన మనిషి సరోజ.

సరోజ గనుల కాలనీ నుంచి వచ్చింది. భర్త గనిలో కాంట్రాక్టు పని చేసేవాడు. ఆమె చెంప వాచి ఉంది, ఒక చెవి సరిగా వినపడడం లేదు. మా సారు, అంటే మా కేంద్రానికి పై అధికారి, ఆమెను మూడు ప్రశ్నలు అడిగారు. వంట వేళకు చేస్తున్నావా, అత్తను చూస్తున్నావా, ఎదురు మాట్లాడుతున్నావా. మా సారు ఎవరు వచ్చినా ఈ మూడే అడిగేవారు. కాలు విరిగి స్ట్రెచర్ మీద వచ్చినామెను కూడా వంట గురించే అడిగారు.

మా సారుకు రాజీ అంటే ప్రాణం. భార్యాభర్తలు కలిసి వెళ్లిపోతే కేసు నెగ్గినట్టు, కోర్టుకు వెళ్తే ఓడినట్టు ఆయన లెక్క. నేను కొత్త. నెగ్గాలని నాకూ ఉండేది. సరోజ భర్తను మూడు సార్లు పిలిపించాను. మూడోసారి అతను ఏడ్చాడు. మగవాడు ఏడ్చేసరికి మా ఆఫీసంతా కరిగిపోయింది, అటెండరు మంచినీళ్లు కూడా తెచ్చాడు. అంతకుముందు రెండు సార్లు సరోజ ఏడ్చినప్పుడు ఆ నీళ్లు ఎవరూ తేలేదని నాకు తర్వాతెప్పుడో తట్టింది.

"కాస్త సర్దుకుపోవాలమ్మా. ఇద్దరిలోనూ ఉంటుంది తప్పు," అన్నాను సరోజతో, అతని ముందే. ఇద్దరి చేతా స్వీటు తినిపించి ఫొటో తీయించాం. మా సారు ఆ ఫొటోను పైకి పంపారు. నన్ను మెచ్చుకుంటూ ఒక కాగితం వచ్చింది.

మూడు వారాలకు దవాఖానా నుంచి ఫోన్ వచ్చింది. వెళ్లేసరికి సరోజ మంచం మీద ఉంది, కుడిచేతికి మోచేయి దాకా కట్టు.

"ఎందుకు కొట్టాడమ్మా?" అని అడిగాను. ఇంకా ఆ ప్రశ్నే అడుగుతున్నాను చూడండి.

"నీ దగ్గరికి వచ్చినందుకు మేడం," అన్నది. "కొడుతుంటే నేను మేడంకు చెప్త అన్న. 'చెప్పు పో. నీది గూడా తప్పే అని మేడమే అన్నది గదా' అన్నడు. కొట్టినంతసేపు గదే మాట."

నేను అన్న మాటను అతను ఇంటికి తీసుకుపోయి కర్రలా వాడుకున్నాడు. ఆ రోజు ఇంటికొచ్చి ఆ మెచ్చుకోలు కాగితాన్ని చింపేశాను. చింపితే సరోజ చేతికి ఏం లాభమని మా ఆయన అడిగారు. ఆయన అడిగింది నిజమే. తర్వాత సరోజతో పాటు ప్రతి వాయిదాకూ కోర్టుకు వెళ్లాను. ఆమె విడిగా బతకడం మొదలుపెట్టింది, ఇప్పుడు కొత్తగూడెంలో కర్రీ పాయింట్ నడుపుతోంది. అటు వెళ్లినప్పుడు తింటాను. కూర బాగా చేస్తుంది, నవ్వుతూ వడ్డిస్తుంది. కానీ తన సంగతి ఏదీ నాతో చెప్పదు. ఒకసారి చెప్పి చూసింది కదా.

కొత్తగా వచ్చేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోండి. కొట్టినవాడిని ఎదురుగా కూర్చోబెట్టుకుని, దెబ్బలు తిన్నామెతో తప్పు ఇద్దరిదీ అనకండి. మీ నోట్లోంచి వచ్చిన ప్రతి మాటా ఆ ఇంటికి వెళ్తుంది. అక్కడ ఎవరి చేతిలో పడుతుందో ఆలోచించి మాట్లాడండి.

మా సారు గురించి ఒక మంచి మాట కూడా చెప్పాలి. జీపు కావాలంటే ఆయన ఒక్క ప్రశ్న వేసేవారు కాదు. ఎంత దూరమైనా, ఏ వేళైనా సంతకం పెట్టి ఇచ్చేవారు. ఆ తర్వాత నేను చూసిన తెలివైన అధికారులు చాలామంది చట్టంలోని సెక్షన్లన్నీ అప్పజెప్పేవారు, జీపు మాత్రం ఇచ్చేవారు కాదు.

నిజంగా పని చేసినవాళ్లు

మేం వెళ్లే ఒక దవాఖానాలో పాత రిజిస్టర్లు తిరగేస్తే మీకు ఆశ్చర్యం వేస్తుంది. దెబ్బలతో వచ్చిన ఆడవాళ్లంతా బాత్రూంలో జారిపడ్డవాళ్లే. బాత్రూం కట్టుకోని ఊళ్ల వాళ్లు కూడా బాత్రూంలోనే జారిపడ్డారు. భర్త పక్కన నిలబడి చెబుతాడు, వీళ్లు రాసుకుంటారు.

అక్కడికి మేరీ అనే సిస్టర్ బదిలీ మీద వచ్చింది. ఆమె చేసింది చిన్న పని. "సూది వెయ్యాలె, మగోళ్లు బయట నిల్చోన్రి," అని భర్తను పంపించి, తలుపు వేసి, "ఎవరు కొట్టిన్రమ్మా?" అని అడిగేది. చెప్పింది చెప్పినట్టు డాక్టరు గారి చేత రాయించేది. కోర్టులో మేం నెగ్గిన కేసులు చాలావరకు ఆ తలుపు వెనక రాసినవే.

సైదులుది ఆటో, దుమ్ముగూడెం నుంచి భద్రాచలం నడుపుతాడు. ఇల్లు విడిచి వచ్చే ఆడవాళ్లను ఎక్కించుకుని, దారిలో ఎవరు ఆపి అడిగినా "డెలివరీ కేసు" అని ముందుకు పోనిస్తాడు. ఒకసారి యాభై దాటినామెను కూడా డెలివరీ కేసనే చెప్పి దాటించాడు.

ముత్తమ్మ వీళ్లందరికీ ముందుండే మనిషి. దుమ్ముగూడెం వైపు అడవిలో ఉన్న ఒక కోయ ఊళ్లో ఆశా కార్యకర్త. గర్భిణులను చూడడం, పిల్లలకు టీకాలు వేయించడం, జ్వరం వస్తే రక్త పరీక్ష చేయడం ఆమె ఉద్యోగం. చుట్టుపక్కల నాలుగైదు ఊళ్ల ఆడవాళ్లకు ఆమె ఇంటికి రావడానికి ఎప్పుడూ ఒక సాకు ఉంటుంది. వాళ్లలో కొందరు జ్వరం లేకుండానే వస్తారు. ముత్తమ్మ వాళ్ల భాషలో కాసేపు మాట్లాడుతుంది. తర్వాత నాకు ఫోన్ చేసి, "మేడం, ఒక జ్వరం కేసున్నది, జర జల్దీ రాన్రి," అంటుంది. పక్కన ఎవరున్నా వాళ్లకు జ్వరమే వినిపిస్తుంది.

ఆమెకు ఈ పని ఎవరూ అప్పజెప్పలేదు. ఎందుకు చేస్తున్నావని ఒకసారి అడిగాను. "ఇంటికొచ్చి చెప్పుకుంటే ఏం జెయ్యాలె మరి? ఎల్లగొట్టాల్నా?" అన్నది.

నా రెండో తప్పు, సన్మానం

నా సర్వీసు చివరి రోజుల్లో, మధ్యలో బదిలీ మీద వెళ్లిన మా సారు మళ్లీ మా దగ్గరికే వచ్చాక, పైనుంచి ఒక ఉత్తర్వు వచ్చింది. గృహహింస బాధితులకు అండగా నిలిచినవారిని సభ పెట్టి సన్మానించాలి, పేర్లు పంపండి అని. నాకు చాలా సంతోషమైంది. ఎవరినీ అడగకుండా మేరీ, సైదులు, ముత్తమ్మ పేర్లు రాసి ఇచ్చేశాను. ఊరికే ఆశ్చర్యపరుద్దామనుకున్నాను.

సైదులు సంగతి ముందే బయటపడింది. ఫొటో అడగడానికి గుమాస్తా ఫోన్ చేస్తే సైదులు వెంటనే నాకు చేశాడు. "నా పేరు తీసెయ్యున్రి మేడం. ఫొటో ఏస్తే తెల్లారేసరికి నా ఆటోకు అద్దాలుండయి," అన్నాడు. తీసేయించాను. అప్పటికైనా ముత్తమ్మ గురించి నాకు తట్టాలి. తట్టలేదు. ఆమె ఫొటో ఆరోగ్య శాఖ ఫైల్లోంచి తెప్పించారు కాబట్టి ఆమెకు ఫోనే వెళ్లలేదు.

వారం తర్వాత ముత్తమ్మ ఫోన్ చేసింది. "మేడం, మండలంల రోడ్డు మీద నా ఫొటో ఉన్నదట, ఫ్లెక్సీ మీద. ఎందుకేసిన్రు?"

"నీకు సన్మానం ముత్తమ్మా, దెబ్బలు తిన్న ఆడవాళ్లకు అండగా నిలిచినందుకు," అన్నాను.

"పెళ్లాన్ని కొట్టేటోడు చూసిండనుకో, ఇగ ఆమెను నా ఇంటికి రానిస్తడా? నిజంగ జ్వరమొచ్చినా రానియ్యడు. నా గుమ్మం తొక్కిన ప్రతి ఆడదాన్ని అనుమానిస్తరు. ఇన్నేండ్ల సంది గుట్టుగ చేసుకుంట వచ్చిన గదా మేడం."

సరోజ విషయంలో చేసిందే మళ్లీ చేశాను. ఆ ఇంట్లో, ఆ ఊళ్లో ఏం జరుగుతుందో ఆలోచించకుండా, నాకు సంతోషంగా ఉంది కాబట్టి చేసేశాను. వెంటనే సారు గదిలోకి పరిగెత్తాను.

"సార్, ముత్తమ్మ పేరు తీసేయాలి. ఆమెకు ప్రమాదం."

"ప్రమాదమేంది? సన్మానం," అన్నారు సారు. "అయినా మీరు రాసింది రాసినట్టు పెట్టలేదమ్మా. గృహహింస అనే మాట తీసేయించిన. స్టేజి మీద దీపం పెడ్తం, అమ్మవారి పటం పెడ్తం. పక్కన హింస ఏంది, అశుభంగా?"

"మరి ఏం రాయించారు?"

"ఆదర్శ కుటుంబ సేవా రత్నాలు," అన్నారు ఎంతో తృప్తిగా. "విడిపోయే కాపురాలు నిలబెట్టినందుకు."

ఆ మాట వినగానే నాకు ఒళ్లు మండింది. ఆడవాళ్లను ఆ కాపురాల్లోంచి బయటికి తెచ్చినామెకు కాపురాలు నిలబెట్టిందని బిరుదు. అరగంట వాదించాను. పేరూ తీయలేదు, బిరుదూ మార్చలేదు. ఫ్లెక్సీలు కొట్టించేశారట.

సభ పదిన్నరకు అన్నారు, పెద్దలు రెండింటికి వచ్చారు. మొదట పెద్దలు ఒకరికొకరు శాలువాలు కప్పుకున్నారు. తర్వాత వాళ్లను పిలిచినవాళ్లకు కప్పారు. ఆ తర్వాత పిలిచినవాళ్ల వెంట వచ్చినవాళ్లకు. అసలు సన్మానం చేయాల్సినవాళ్ల దగ్గరికి వచ్చేసరికి శాలువాలు అయిపోయాయి. మా గుమాస్తా తెలివైనవాడు. వేదిక మీద ఒక పెద్దాయన ఒళ్లో పెట్టుకున్న శాలువాను మెల్లగా తీసుకుని, మడత సరిచేసి, మళ్లీ ఆయన చేతికే ఇచ్చి మేరీకి కప్పించాడు. ఫొటో తీశాక అదే శాలువా ముత్తమ్మకు కప్పించాడు.

ముఖ్య అతిథి చాలాసేపు మాట్లాడారు. స్త్రీ ఓర్పుతో ఉంటే ఇల్లు స్వర్గమవుతుందన్నారు. ముందు వరుసలో కూర్చున్న ఒకాయన అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టాడు. ఆయన భార్య దరఖాస్తు మా బీరువాలో ఉంది.

మేరీ సిస్టర్ తన వంతు రాగానే మైకు అడిగింది. ఇవ్వలేదు, టైము లేదన్నారు. ముత్తమ్మ ఏమీ అడగలేదు. తన బిరుదు పత్రాన్ని కుర్చీలో కూర్చుని ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ చదివింది. నా వంక చూసి, "కాపురాలు నిలబెట్టినందుకా?" అని మెల్లగా అడిగింది. ఆమె ఆ పత్రాన్ని జాగ్రత్తగా సంచిలో పెట్టుకుంది. ఎందుకు పెట్టుకుందో అప్పుడు నాకు అర్థం కాలేదు.

బుధవారాలు

ఆ తర్వాత చాలా రోజులు ముత్తమ్మ నుంచి జ్వరం కేసు అని ఫోన్ రాలేదు. ఆడవాళ్లు ఫ్లెక్సీ చూశారు. ఈమె కూడా సర్దుకుపొమ్మనే మనిషే అనుకున్నారు. రావడం మానేశారు. నేను రెండు సార్లు ఆమె ఊరికి వెళ్లాను, ఏమనాలో తెలియక టీ తాగి వచ్చేశాను.

ఆ ఫ్లెక్సీని మగవాళ్లు కూడా చూశారు. ఒకరోజు పక్క ఊరి బాలరాజు, బోరు లారీ మీద పనిచేసే మనిషి, భార్య జ్యోతిని బండి మీద ఎక్కించుకుని ముత్తమ్మ గుమ్మం ముందు దించాడు.

"అక్కా, సర్కారు నీకు బిరుదిచ్చిందట గదా. దీనికి జర బుద్ధి చెప్పు. నా మాట ఇంటలేదు."

జ్యోతి నుదుటి మీద మానిన గాటు, మెడ మీద మానని గాటు ఉన్నాయి. ముత్తమ్మ లోపలికి వెళ్లి ఆ పత్రం తెచ్చి బాలరాజు చేతికిచ్చింది. అతను రెండు వైపులా తిప్పి చూసి దండం పెట్టాడు.

"గిది ఒక్కనాటితోటి అయ్యే పని కాదు తమ్మీ," అన్నది ముత్తమ్మ. "బుధవారం బుధవారం తోలుక రా. ఒక మేడం గూడా వస్తది. నాలుగు వారాలు పడ్తది."

"అట్లనే అక్కా," అన్నాడు బాలరాజు.

ఆ సాయంత్రమే నాకు ఫోన్ వచ్చింది. "మేడం, జ్వరం కేసు. ఈసారి మొగడే తోలుకొచ్చిండు," అని చెప్పి ముత్తమ్మ ఆగకుండా నవ్వింది.

మొదటి బుధవారం జ్యోతి నాతో ఒక్క మాట మాట్లాడలేదు. వెనక గదిలో గోడకు ఆనుకుని కూర్చుని, ముత్తమ్మతో, "నీ బోర్డు చూసిన. నువ్వు గూడా గదే చెప్తవు," అన్నది.

"బోర్డు నేను రాసుకున్ననా?" అన్నది ముత్తమ్మ. "నీకు పోవాలని ఉంటే తోవ చూపెడ్త. ఉండాలని ఉంటే కొట్టకుండ ఉండేటట్టు ఏం జెయ్యొచ్చో ఈ మేడం చెప్తది. నువ్వేది అంటే గది. నేను చెప్పేదేం లేదు."

నేను సరోజతో అన్న మాటకూ దీనికీ ఎంత దూరముందో చూడండి. నేను పెద్ద చదువు చదివి చెప్పలేనిది ముత్తమ్మ నాలుగు ముక్కల్లో చెప్పింది.

బయట చెట్టు కింద బాలరాజు బీడీ కాలుస్తూ రెండు గంటలు ఓపిగ్గా కూర్చున్నాడు. వెళ్లేటప్పుడు నన్ను అడిగాడు: "మేడం, ఏమన్న మారేటట్టు ఉన్నదా?"

"టైము పడుతుందయ్యా," అన్నాను.

రెండో బుధవారం జ్యోతి నోరు విప్పింది. తన సొంత అక్కతో ఫోన్లో మాట్లాడిందని బాలరాజు ఫోన్ పగలగొట్టాడు, తర్వాత ఆమెను కొట్టాడు. ఇది మొదటిసారి కాదు, పదోసారీ కాదు. కేసు వద్దంది మొదట. పాప సంగతి ఏమిటని అడిగింది. పాపను తన దగ్గరే ఉంచమని కోర్టును అడగొచ్చని చెప్పాను. ఆలోచిస్తానంది. నేను తొందరపెట్టలేదు, అప్పటికి ఆ మాత్రం నేర్చుకున్నాను.

మూడో బుధవారం ఆమె వస్తూనే, "రాయున్రి మేడం," అన్నది. రక్తహీనత ఉంది, పెద్ద దవాఖానాలో చూపించాలని ముత్తమ్మ చెబితే బాలరాజే బండి మీద దవాఖానాకు తీసుకెళ్లాడు. మేరీ సిస్టర్ అతన్ని బయట నిలబెట్టి తలుపు వేసింది. నేను దరఖాస్తు పూర్తి చేశాను. ఆ రోజు బాలరాజు మళ్లీ అడిగాడు: "మారుతున్నదా మేడం?"

"చాలా మారిందయ్యా," అన్నాను. నా సర్వీసులో ఒక భర్తకు నేను చెప్పిన పూర్తి నిజం అదొక్కటే.

నాలుగో బుధవారం పాపకు టీకా వేయాలి, తీసుకురమ్మని చెప్పింది ముత్తమ్మ. అతను ఇద్దరినీ దించి పనికి వెళ్లిపోయాడు. వెనక దారిలో సైదులు ఆటో ఉంది. చెక్‌పోస్టు దగ్గర ఆపితే డెలివరీ కేసన్నాడు. జ్యోతి ఒళ్లో నాలుగేళ్ల పాప కూర్చుని ఉంది. "డెలివరీ అయిపోయింది, ఇంటికి పోతున్నం," అని సరిచేసుకున్నాడు. మధ్యాహ్నానికి జ్యోతి జూలూరుపాడులో తల్లి ఇంట్లో ఉంది. ఆమెను కొట్టకూడదని, దగ్గరికి రాకూడదని, పాప తల్లి దగ్గరే ఉండాలని కోర్టు ఉత్తర్వు ఇచ్చింది. ఆమె ఇప్పుడు అక్కడే హాస్టల్ వంటగదిలో పని చేస్తోంది.

ఉత్తర్వు అందగానే బాలరాజు మా ఆఫీసుకు వచ్చి నా టేబుల్ మీద గుద్ది అరిచాడు. నా కాపురం కూల్చింది నువ్వే అన్నాడు. "అవును, నేనే రాశాను. ముత్తమ్మకు ఏమీ తెలియదు," అన్నాను. తిట్లు ఎవరో ఒకరు తినాలి. మనకు ఆఫీసు ఉంది, పక్కనే పోలీసు స్టేషన్ ఉంది, సాయంత్రమైతే వేరే ఊరికి వెళ్లిపోతాం. ముత్తమ్మ ఆ ఊళ్లోనే ఉండాలి. కాబట్టి తిట్లు మన వాటాకు రావాలి. వాటిని ఆమె మీదికి పోనిస్తే మీరు ఈ ఉద్యోగం చేయనట్టే.

గొడవ విని మా సారు గదిలోంచి వచ్చి బాలరాజును కూర్చోబెట్టి మంచినీళ్లు ఇప్పించారు. అతను వెళ్లాక, "రాజీ కుదిరేటట్టు ఉన్నదా?" అని నన్ను అడిగారు.

అక్కడి నుంచి బాలరాజు నేరుగా ముత్తమ్మ ఇంటికి వెళ్లాడట. నాకు భయం వేసి వరసగా ఫోన్లు చేశాను. నాలుగోసారికి ఎత్తింది.

"ఏమన్నాడు ముత్తమ్మా? కొట్టాడా?"

"కొట్టుడేంది? ఏడ్చిండు. 'నువ్వు ఇంత బుద్ధి చెప్పినవక్కా, ఆ మేడం అంత చెడగొట్టింది' అన్నడు. అవ్ తమ్మీ, ఆ మేడం గట్లాంటిదే అన్న. మిమ్మల్ని బాగ తిట్టిన మేడం, ఏమనుకోకున్రి."

"తిట్టు, పర్వాలేదు. నీకేం ఇబ్బంది లేదు కదా?"

"ఏం లేదు. బువ్వ తినిపోయిండు. ఆయన తోటి లారీ మీద పనిచేసేటాయన ఒకడున్నడట, పెళ్లాం మాట ఇంటలేదట. ముత్తమ్మక్క దగ్గరికి తోలుకపో, ఆమె అయితే మంచిగ చెప్తది అని బాలరాజే చెప్పిండట. బుధవారం వస్తరు. మీరు రాగల్గుతరా మేడం?"

జీపు కోసం సంతకం పెట్టించుకోవడానికి అప్పుడే సారు గదిలోకి వెళ్లాను.